కొత్త గవర్నర్ పేరు మీద పందేలు సరే, ఐదో షెడ్యూల్ సంగతేంది?



గవర్నర్ మారతారన్న ముచ్చట వచ్చినప్పుడల్లా మన గ్రూపులో ఒక పోల్ పెడ్తున్నరు. ఒకరు రిటైర్డ్ జడ్జి పేరు రాస్తరు, ఇంకొకరు ఓడిపోయిన కేంద్రమంత్రి పేరు రాస్తరు, మూడో తమ్ముడు "ఈసారి మన గిరిజనులకే" అంటడు. ఆ వెంటనే ఆదివాసీనా లంబాడీనా అని కింద కామెంట్లలో కొట్లాట మొదలవుతది. గవర్నర్ ఇంకా రాకముందే మనం రెండు పార్టీలైతం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల నుంచి ఈ గ్రూపు నడుపుతున్న మేం నలుగురం కూర్చొని మాట్లాడుకుని ఈ పోస్టు రాస్తున్నం. కొంచెం పొడుగే ఉంటది, ఓపికగా చదవండి.

పోస్టుల్లో కొందరు "గవర్నర్ ఎలక్షన్", "క్యాండిడేట్లు" అని రాస్తున్నరు. మన దేశంలో గవర్నర్‌కి ఎలక్షన్ లేదు. అమెరికాలో రాష్ట్ర గవర్నర్‌ని జనం ఓటేసి ఎన్నుకుంటరు, సినిమాల్లో చూసింది అదే. ఇక్కడ 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి సంతకంతో నియామకం జరుగుతది. అంటే కేంద్ర ప్రభుత్వం ఎవరిని అనుకుంటే వాళ్లే. 35 ఏళ్లు నిండిన భారత పౌరుడైతే చాలు, వేరే పరీక్ష ఏం లేదు. అయితే ఎలక్షన్ అన్న ఆలోచన పూర్తిగా గాల్లోది కూడా కాదు. ముసాయిదా రాజ్యాంగంలో గవర్నర్‌ని జనమే ఎన్నుకునే పద్ధతి కూడా రాసిపెట్టిన్రు. జనం ఎన్నుకున్న ముఖ్యమంత్రి, జనం ఎన్నుకున్న గవర్నర్ ఒకరికొకరు ఎదురు నిలబడితే పాలన ఎట్ల సాగుతదని 1949 మే నెలలో రాజ్యాంగ సభ దాన్ని తీసేసింది. కాబట్టి మన ఓటుతో తేలేది కాదు ఇది. అందుకే పేర్ల మీద పందెం కాయడం కన్నా పనికొచ్చే పని ఇంకొకటి ఉందంటున్నం.

ముందు పేర్ల సంగతే చూద్దాం, దాంట్లో కూడా మనకు పాఠం ఉంది. తెలంగాణ వచ్చినంక నరసింహన్ గారు 2019 దాకా ఉన్నరు. తర్వాత తమిళిసై గారు, 2024 మార్చిలో అదనపు బాధ్యతగా రాధాకృష్ణన్ గారు, అదే ఏడాది జూలైలో జిష్ణుదేవ్ వర్మ గారు వచ్చిన్రు. వర్మ గారు త్రిపుర మనిషి, 2018లో చారిలాం అనే ఎస్టీ రిజర్వుడు సీటు నుంచి గెలిచి అక్కడ ఉప ముఖ్యమంత్రి చేసిన్రు. తమాషా ఏందంటే, అంతకు ముందే 2023లో మన ఇంద్రసేనారెడ్డి గారిని త్రిపురకు గవర్నర్‌గా పంపిన్రు. సొంత రాష్ట్రానికి గవర్నర్‌గా వేయకూడదన్నది ఆనవాయితీ, సర్కారియా కమిషన్ కూడా అదే చెప్పింది. కాబట్టి "మన మానుకోట నాయకుడు మన గవర్నర్" అన్న కామెంట్లు ఇక ఆపేయొచ్చు. మనోళ్లకు వస్తే గిస్తే వేరే రాష్ట్రం వస్తది. ఈ మధ్యకాలంలో తెలుగు నేల నుంచి అట్ల పోయినవాళ్లు విద్యాసాగర్‌రావు, దత్తాత్రేయ, కంభంపాటి హరిబాబు, ఇంద్రసేనారెడ్డి, అశోక్ గజపతిరాజు గార్లు. ఈ పేర్లలో కోయ, గోండు, లంబాడీ, ఎరుకల ఒక్కరన్నా ఉన్నరా? ఈ ప్రశ్న అడగాల్సిందే, మేం కూడా అడుగుతున్నం.

కానీ మన మనిషి అయితే చాలు అన్న లెక్క మాకు నచ్చలేదు. కారణం చెప్తం.

మన తాతలకు భూమి మిగిల్చిన చట్టం ఏదంటే అందరం 1/70 అంటం. అది అసెంబ్లీ చేసిన చట్టం కాదన్నది మనలో ఎంతమందికి తెలుసు? అది గవర్నర్ చేసిన రెగ్యులేషన్. 1959లో చేసిన భూ బదిలీ రెగ్యులేషన్‌ని 1963లో తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేసిన్రు. శ్రీకాకుళం గిరిజన పోరాటం సాగుతున్న కాలంలో, 1970 ఫిబ్రవరిలో దాన్ని గట్టిగా సవరించిన్రు. ఏజెన్సీలో ఉన్న భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచి పోయిందనే ముందుగా అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం ఆ గిరిజనేతరుడిదే. ఇద్దరు గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లదు. అప్పుడు గవర్నర్‌గా ఉన్నది ఖండూభాయ్ దేశాయ్, గుజరాత్ నుంచి వచ్చిన కార్మిక సంఘం నాయకుడు. గిరిజనుడు కాదు, తెలుగు మనిషి కాదు. సంతకం మాత్రం ఐదో షెడ్యూల్ ఇచ్చిన అధికారంతో పడ్డది.

అదే అధికారం సరిగ్గా వాడకపోతే ఏమైతదో జీవో 3 చూస్తే తెలుస్తది. టీటీసీ, బీఈడీ చేసిన మన అక్కలు, అన్నలకు ఇది కొత్త కథ కాదు. 2000 జనవరిలో, రంగరాజన్ గారు గవర్నర్‌గా ఉండగా, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని జీవో వచ్చింది. ఇరవై ఏండ్లు దాని మీద మనోళ్లు ఉద్యోగాలు చేసిన్రు. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో అందరం ఇండ్లల్ల ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఐదో షెడ్యూల్ ఐదో పేరాలో మొదటి భాగం కింద గవర్నర్ ఉన్న చట్టాన్ని ఏజెన్సీకి వర్తించకుండా ఆపొచ్చు, మార్పులతో వర్తింపజేయొచ్చు, కొత్త చట్టం మాత్రం తయారు చేయలేరు అన్నది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధం అని కూడా అన్నది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో మిగిల్చింది. తీర్పు మీద మాకు బాధ ఉంది. కోర్టులో నిలబడేటట్టు ఆ కాయితం ఎందుకు రాయలేదన్న కోపం అంతకన్నా ఎక్కువ ఉంది. అదే పేరా రెండో భాగం కింద, గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషన్ చేసే దారి ఉంది. నూరు కాకపోయినా, కోర్టు ఒప్పుకునేంత శాతానికి ఎవరన్నా ఆ దారి పట్టిన్రా? కొత్తగా వచ్చే ఏ గవర్నర్‌నైనా మనం మొదట అడగాల్సింది ఇదే.

మన మనిషి ఉంటే తేడా ఉండదా అని అడిగేవాళ్లకు జార్ఖండ్ చెప్తం. ద్రౌపది ముర్ము గారు 2015 నుంచి 2021 దాకా అక్కడ గవర్నర్. 2017లో ఛోటానాగ్‌పూర్, సంథాల్ పరగణా కౌలు చట్టాల సవరణ బిల్లులు ఆమె ముందుకు వచ్చినయ్. ఆదివాసీ భూమిని వేరే అవసరాలకు మళ్లించే బిల్లులని ఊరూరా ఆందోళన జరిగింది. రాష్ట్రంలో ఉన్నది ఆమెను నియమించిన పార్టీ ప్రభుత్వమే, అయినా ఆమె వాటిని వెనక్కి పంపిన్రు. అవి చట్టాలు కాలేదు. సంతాలి ఆడబిడ్డ కాబట్టి ఆ నొప్పి తెలిసింది అనుకోవచ్చు, మేమూ అట్లే అనుకుంటం. కానీ రోడ్ల మీద జనం లేకుండా ఒక్క నొప్పితోనే ఆ ఫైలు వెనక్కి పోయేదా అంటే మాకు అనుమానమే. ఇవాళ రాష్ట్రపతిగా గవర్నర్ల నియామకం మీద సంతకం చేసేది కూడా ఆమే.

ఇటు మన దగ్గర 2023లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి అప్పటి కేబినెట్ ఇద్దరి పేర్లు పంపింది. అందులో ఒకరు ఎరుకల వర్గానికి చెందిన కుర్రా సత్యనారాయణ గారు. తమిళిసై గారు రెండు పేర్లనూ తిప్పి పంపిన్రు. అదే తమిళిసై గారు 2021లో తండాకు పోయి గిరిజనుల మధ్యల కరోనా టీకా వేయించుకున్నరు, మేడారం జాతరకు కూడా వచ్చిన్రు. వర్మ గారు ములుగు జిల్లా కొండపర్తిని దత్తత తీసుకుని 2025 మార్చిలో ఆ ఊరికి పోయిన్రు. ఇవన్నీ మంచి పనులే, కాదనం. కానీ దత్తత ఒక్క ఊరికి ఆగుతది, రెగ్యులేషన్ ఏజెన్సీ మొత్తానికి పోతది. ఫోటోలు షేర్ చేసే తమ్ముళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలె.

ఇక మన మూడు జిల్లాల సంగతి. ఐదో షెడ్యూల్ అనంగనే అందరికీ వర్తిస్తది అనుకుంటున్నరు. కాదు. మహబూబాబాద్‌లో కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం వైపు ఏజెన్సీ ఉంది. జనగామలో దేవరుప్పుల, పాలకుర్తి, కొడకండ్ల అంతా తండాలే అయినా షెడ్యూల్డ్ ఏరియా కాదు. అందరికన్నా అన్యాయం జరిగింది భూపాలపల్లికని మా అభిప్రాయం. 2019లో ములుగు జిల్లా విడిపోయినప్పుడు ఏటూరునాగారం, తాడ్వాయి వంటి ఏజెన్సీ మండలాలు అటు పోయినయ్. మహాముత్తారం, పలిమెల, మహదేవపూర్ పాత కరీంనగర్ జిల్లావి. కరీంనగర్‌లో షెడ్యూల్డ్ ఏరియానే గుర్తించలేదు. గోదావరి ఒడ్డున, అడవి నడుమ ఉన్న గూడేలకు 1/70 లేదు, జిల్లా గీతకు అవతల ఉన్న అదే చుట్టాలకు ఉంది. ఒక్క పెండ్లి పందిట్లో కూర్చున్న ఇద్దరు అన్నదమ్ముల భూములకు రెండు చట్టాలు! ఐదో షెడ్యూల్ ఆరో పేరా ప్రకారం, గవర్నర్‌ని సంప్రదించి షెడ్యూల్డ్ ఏరియాను రాష్ట్రపతి పెంచొచ్చు. అంటే పలిమెల ఫైలు కదలాలంటే గవర్నర్ మాట కావాలె.

ఇవన్నీ గవర్నర్ సొంతంగా చేయొచ్చా, కేబినెట్ చెప్తేనే చేయాలా అన్న వాదన పాతదే. ఆచరణలో కేబినెట్ మాటే నడుస్తున్నది. అట్లని ఊకుండలేం. మూడో పేరా ప్రకారం ఏజెన్సీ పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి రిపోర్టు పంపాలె. నాలుగో పేరా ప్రకారం గిరిజన సలహా మండలిలో 20 మంది దాకా ఉండొచ్చు, అందులో నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలె. మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వుడు సీట్లు 12, అందులో మానుకోట, డోర్నకల్ మనవి. మండలి నిండా 20 మందితో వేస్తే ఎమ్మెల్యేల వాటా 15. ఎమ్మెల్యేలు అంతమంది లేకపోతే మిగిలిన సీట్లు ఇతర గిరిజనులకే ఇవ్వాలని కూడా అక్కడే రాసి ఉంది. ఆ సీట్లలో చదువుకున్న పిల్లలు, పోడు రైతులు ఎందుకు కూర్చోకూడదు?

కొత్తాయన ఎవరైనా సరే, వచ్చిన నెలలోపు ఇయ్యడానికి ఒక మెమోరాండం రాస్తున్నం. అందులో మూడే అడుగుతున్నం: ఏటా పంపాల్సిన రిపోర్టుల కాపీలు, టీచర్ పోస్టులకు కొత్త రెగ్యులేషన్, పలిమెల వైపు గూడేలను షెడ్యూల్డ్ ఏరియాలో కలపమని సిఫారసు. భూపాలపల్లి తమ్ముళ్లు, చెల్లెండ్లు మీ గూడెం పేరు, గ్రామ పంచాయతీ, మండలం, 2016కు ముందు ఏ జిల్లాలో ఉండె, ఎన్ని గిరిజన కుటుంబాలు ఉన్నయో కామెంట్‌లో రాయండి. జనగామ వాళ్లు తండాల లిస్టు వేరేగా పెట్టండి, దాన్ని ఇందులో కలపొద్దు. గూడూరు, కొత్తగూడ నుంచి జీవో 3 పోయినంక పోస్టు పోగొట్టుకున్న అభ్యర్థులు ఉంటే మాకు విడిగా మెసేజ్ చేయండి, పేర్లు గ్రూపులో పెట్టం. వచ్చే ఆదివారం దాకా చూస్తం.