సంపాదకుని మాట: లోపలి దాహం

స్లాబ్ పోసిన మర్నాడు మేస్త్రి మడులు కట్టి నీళ్లు నిలుపుతాడు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి పొద్దునా సాయంత్రం తడుపుతాడు. ఇలా తడపడాన్నే క్యూరింగ్ అంటారు. మామూలు కాంక్రీటుకు ఆ తడి చాలు.

వంతెనలకు వాడే అధిక బలం కాంక్రీటు సంగతి వేరు. నీరు–సిమెంటు నిష్పత్తి సుమారు 0.42 కంటే తగ్గితే, సిమెంటంతా నీటితో కలిసి గట్టిపడడానికి ఉన్న నీరు సరిపోదు. చిక్కటి ఆ ముద్దలోకి పైనుంచి పోసిన నీరు లోతుగా ఇంకదు. లోపలి సూక్ష్మరంధ్రాలు ఎండిపోయి, కాంక్రీటు తనంతట తానే ముడుచుకుంటుంది. పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

ఈ సంచికలో చర్చిస్తున్న లోపలి క్యూరింగ్ ఆ దాహానికి జవాబు. కాల్చి ఉబ్బించిన తేలిక కంకరను ముందే నానబెట్టి, ఇసుకలో కొంత భాగానికి బదులుగా కలుపుతారు. చుట్టూ ముద్ద ఎండేకొద్దీ ప్రతి గింజా తాను దాచుకున్న నీటిని కొంచెం కొంచెంగా వదులుతుంది. ఈ గుణాన్ని పాల్ క్లీగర్ 1957లోనే గుర్తించారు. అమెరికాలో న్యూయార్క్, ఇండియానా రాష్ట్రాలు వంతెన డెక్కులకు దీన్ని వాడాయి.

ఫలితం? తొలినాటి ముడుత, పగుళ్లు తగ్గుతాయి. ఇనుపచువ్వల దాకా ఉప్పునీరు చేరడం కష్టమవుతుంది. స్థితిస్థాపక గుణకం మాత్రం కాస్త తగ్గవచ్చు, డిజైన్‌లో అది చూసుకోవాలి.

ఒక్క విన్నపం. లోపల నీరుంది కదా అని పైన తడపడం మానకండి. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడపాలన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 నియమం అలాగే ఉంది.

– సంపాదకుడు