పిండి పెట్రోలుకు, పిప్పి కోళ్లకు

2024 జనవరి తొలి వారంలో ప్రభుత్వరంగ చమురు సంస్థలు ఓ ప్రకటన చేశాయి. మొక్కజొన్న నుంచి తీసిన ఇథనాల్‌కు లీటరుకు 5.79 రూపాయలు అదనంగా ఇస్తామన్నాయి. దాంతో దాని ధర లీటరు 71.86 రూపాయలకు చేరింది. చెరకు రసం, మొలాసిస్, నూకలు.. దేనితో తీసిన ఇథనాల్‌కూ అంత రేటు లేదు. పత్రికల్లో బిజినెస్ పేజీ దాటని ఆ కబురు తణుకులోనూ నామక్కల్‌లోనూ కోళ్ల రైతుల దాణా లెక్కను తలకిందులు చేసింది.

నిజానికి ఆ నిర్ణయానికి బీజం అంతకు ఆరు నెలల ముందే పడింది. 2023లో వానలు సరిగా లేవు. బియ్యం ధర పెరుగుతుందన్న భయంతో జులైలో భారత ఆహార సంస్థ డిస్టిలరీలకు బియ్యం ఆపేసింది. చక్కెరకు కటకట వస్తుందని డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తీయడంపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మాత్రం అప్పటికే 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపి కూర్చున్నారు. బియ్యం వద్దు, చెరకు వద్దు, లక్ష్యం మాత్రం తప్పకూడదు. ఇక మిగిలింది మక్కలే. 2022-23 సరఫరా సంవత్సరంలో మొక్కజొన్న ఇథనాల్ సుమారు 31 కోట్ల లీటర్లు. ఏడాది తిరిగేసరికి అది 286 కోట్ల లీటర్లయింది. టన్ను గింజ నుంచి 380 లీటర్ల దాకా వస్తుందనుకుంటే 75 లక్షల టన్నుల మక్కలు డిస్టిలరీల్లోకి వెళ్లాయన్నమాట. ఆ ఏడాది దేశ దిగుబడిలో అది ఐదో వంతు.

బియ్యం మీద, చక్కెర మీద చెయ్యి వేస్తే గగ్గోలు పుడుతుంది. మక్కల మీద వేస్తే ఎవరికీ పట్టలేదు. మనిషి కంచంలో అది నేరుగా కనిపించదు కదా! రేషన్ దుకాణంలో ఇవ్వరు, గోదాముల్లో బఫర్ నిల్వ పెట్టరు. కానీ దేశంలో పండే మొక్కజొన్నలో సగానికి పైగా పోయేది కోళ్లు, పశువుల దాణాలోకే. అది గుడ్డుగా, చికెన్‌గా, పాలుగా తిరిగి మన కంచానికే వస్తుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడోది తెలంగాణది. మక్కల ధర కదిలితే ముందు కుదుపు తగిలేది మన దగ్గరే.

కుదుపు ఎంతో ఒక లేయర్ ఫారం లెక్కలో చూద్దాం. గుడ్డు పెట్టే కోడి రోజుకు 110 గ్రాముల దాకా దాణా తింటుంది. అందులో సగానికి కాస్త ఎక్కువ, అంటే 60 గ్రాములు మొక్కజొన్న. 50 వేల కోళ్లున్న ఫారానికి రోజుకు మూడు టన్నులు కావాలి. అంతకుముందు కిలో 20 రూపాయల చుట్టూ తిరిగిన మొక్కజొన్న 2024లో 25 దాటింది. కిలోకు ఐదు రూపాయలు పెరిగితే ఆ ఫారానికి రోజుకు 15 వేల రూపాయల అదనపు ఖర్చు. గుడ్డుకు 30 పైసలకు పైమాటే. ఆ 30 పైసలను రైతు గుడ్డు ధరకు కలుపుకోలేడు. రేటును జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ప్రకటిస్తుంది, ఎండలు, శ్రావణం, కార్తీకం దాన్ని ఆడిస్తాయి. ధర లేదని కోడికి మేత ఆపడమూ కుదరదు. ఒక్క రెండు రోజులు దాణా తగ్గినా గుడ్డు జారిపోతుంది, మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది.

బ్రాయిలర్‌లో దెబ్బ ఇంకో దారిలో వస్తుంది. పిల్ల, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కిలోకు ఇంతని పెంపకపు కూలి ముడుతుంది. దాణా ధరతో తనకేం పని అనిపిస్తుంది కానీ, దాణా భారమైనప్పుడు కంపెనీ చేసే మొదటి పని పిల్లల్ని ఆలస్యంగా దింపడం. ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ మధ్య షెడ్డు ఖాళీగా ఉండే రోజులు పెరుగుతాయి. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

ఇథనాల్‌ను సమర్థించేవారి దగ్గర దీనికో జవాబు ఉంది. గింజలో పిండి పదార్థం మాత్రమే ఆల్కహాల్ అవుతుంది, మాంసకృత్తులు, కొవ్వు, పీచు అన్నీ మిగిలిన మడ్డిలో ఉంటాయి, దాన్ని ఎండబెడితే డీడీజీఎస్ అనే మంచి దాణా సరుకు వస్తుంది, కాబట్టి మేత ఎక్కడికీ పోలేదు అంటారు. సగం నిజం. తిరిగొచ్చేది మొదటి బరువులో మూడో వంతుకు మించదు. అంతకన్నా ముఖ్యం, వెళ్లిన సరుకు వేరు, వచ్చిన సరుకు వేరు. కోడి మక్కను తినేది శక్తి కోసం. పిండి పోయాక మిగిలిన పిప్పి ప్రధానంగా మాంసకృత్తుల సరుకు. మొక్కజొన్న డీడీజీఎస్‌లో అవి 26 నుంచి 30 శాతం, బియ్యపు డీడీజీఎస్‌లో 45 శాతం దాకా. అంటే అది దాణాలో మక్కల జాగాను పూడ్చదు. సోయా చెక్కను పక్కకు నెడుతుంది. లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పీచు ఎక్కువ కాబట్టి కోళ్ల దాణాలో ఆ నెట్టడానికీ ఓ హద్దుంది.

దీని ఫలితం మార్కెట్లో స్పష్టంగా కనిపించింది. డిస్టిలరీలు పెరిగేకొద్దీ డీడీజీఎస్ గుట్టలుగా వచ్చింది, చవకగా వచ్చింది. దాణా మిల్లులు సోయా చెక్క కొనడం తగ్గించాయి. 2024-25లో సోయాబీన్ మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలైతే మధ్యప్రదేశ్, మహారాష్ట్ర మార్కెట్లలో నాలుగు వేల పైచిలుకుకే అమ్ముకున్నారు. విదేశీ నూనెలు, ప్రపంచ మార్కెట్ మందగమనం కూడా అందుకు కారణాలే, అన్నీ ఇథనాల్ నెత్తిన రుద్దలేం. కానీ ఒకే విధానం మక్కల ధరను పైకి, సోయా ధరను కిందికి లాగడంలోని తమాషా చూడండి. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్‌లలో ఈ రెండు పంటలూ పక్కపక్క చేలల్లోనే ఉంటాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డెక్కింది నీళ్లు, కాలుష్యం గురించి. పంటల ధరల లెక్క ఆ గొడవలో ఎవరికీ గుర్తుకు రాలేదు.

డీడీజీఎస్ నాణ్యత ఇంకో తలనొప్పి. మన లేయర్ రైతుల్లో చాలామంది దాణా ఫారంలోనే కలుపుకొంటారు. మక్కల లారీ వస్తే బస్తాలోంచి గుప్పెడు తీసి, గింజ పంటికింద వేసి కొరికి తేమ చెప్పేస్తారు. ముక్కిన వాసన వేస్తే బూజు తెలిసిపోతుంది. డీడీజీఎస్ దగ్గర ఆ విద్య పనిచేయదు. బంగారు రంగులో ఉంటే మంచిది, ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తే ఎండబెట్టేటప్పుడు వేడి ఎక్కువై లైసిన్ దెబ్బతిన్నట్టు. అంతవరకే కంటికి తెలిసేది. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కంటికి కనబడదు. గింజలో మూడింట రెండొంతులు పిండి, అది పోగానే మిగిలిన వాటన్నిటి సాంద్రతా సుమారు మూడు రెట్లవుతుంది, మాంసకృత్తులదీ, బూజు విషానిదీ కూడా. ఆల్కహాల్‌తో ఆ విషం పోదు, పిప్పిలోనే ఉండిపోతుంది. వానాకాలం పంటను కోసి, చినుకుల మధ్య రోడ్ల మీద ఆరబోసే చోట ఇది ఊహాజనిత భయం కాదు. పైగా తినడానికి పనికిరాని, పాడైన ధాన్యంతోనూ ఇథనాల్ తీయవచ్చని 2018 జీవ ఇంధన విధానమే అనుమతించింది. ఇంధనానికి అది మంచి ఆలోచనే. ఆ ధాన్యపు పిప్పి దాణా బస్తాలోకి చేరినప్పుడే చిక్కు. కోడికి కాలేయం దెబ్బతింటుంది, గుడ్డు తగ్గుతుంది. గేదెకు పెడితే ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. పెద్ద దాణా కంపెనీలకు సొంత ల్యాబ్ ఉంటుంది, లోడు పరీక్షించి వెనక్కి పంపగలవు. అలా తిరస్కరించిన లోడు ఎక్కడో ఒకచోట చవకగా అమ్ముడుపోతుంది. కొనేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

పాడి రైతుల సంగతి చూస్తే, మన గేదెలు ప్రధానంగా గింజ తినవు. వరిగడ్డి, పచ్చిమేత, తవుడు, చెక్క వాటి ఆహారం. నెమరువేసే పశువు పీచును అరిగించుకోగలదు కాబట్టి డీడీజీఎస్ దానికి కోడి కన్నా బాగా పడుతుంది. అమెరికాలోని నెబ్రాస్కాలో ఇథనాల్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల పశువుల ఫీడ్‌లాట్లు తడి పిప్పినే నేరుగా తెచ్చి పెట్టుకుంటాయి, ఎండబెట్టే ఖర్చు కూడా లేకుండా. 2005లో, ఆపై 2007లో చట్టం చేసి ఇథనాల్‌ను తప్పనిసరి చేసిన ఆ దేశంలో ఇప్పుడు మూడో వంతుకు పైగా మొక్కజొన్న ఇంధనానికే పోతోంది. 2012 కరవులో కోళ్లు, పందులు, పశువుల పెంపకందారులు, కొన్ని రాష్ట్రాల గవర్నర్లు ఆ నిబంధన కొంతకాలం ఆపమని మొరపెట్టుకున్నా అక్కడి పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. పశువుల వాళ్లు పిప్పితో సర్దుకున్నారు. ఆ సర్దుబాటును ఇక్కడ నమూనాగా చూపేవారు ఒకటి మరిచిపోతున్నారు. అక్కడ గింజల మీద బతికేవాటిలో గొడ్లు కూడా ఉన్నాయి. ఇక్కడ దాణా గింజల్లో ఎక్కువ భాగం కోళ్లదే.

పాడికి తగిలే దెబ్బ నూకలు, తవుడు, మొలాసిస్‌ల దగ్గర తగులుతుంది. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించినప్పుడు కేంద్రం చెప్పిన కారణాల్లో కోళ్ల దాణా, ఇథనాల్ రెండూ ఉన్నాయి. 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతి ఆపారు, 2024 జనవరిలో మొలాసిస్ ఎగుమతిపై 50 శాతం సుంకం వేశారు. సుంకం డిస్టిలరీల కోసం, తవుడు నిషేధం పశువుల కోసం. ఇంధనం అవసరమూ మేత అవసరమూ ఒకే బస్తా మీద పడ్డాయనడానికి ఈ ఆదేశాల వరుసే సాక్ష్యం.

2025లో కథ అడ్డం తిరిగింది. ధర బాగుందని రైతులు మక్కలు విస్తారంగా వేశారు. అదే సమయంలో కేంద్రం ఆహార సంస్థ బియ్యాన్ని మళ్లీ డిస్టిలరీలకు తెరిచింది, క్వింటాలు 2,250 రూపాయలకు 52 లక్షల టన్నులు. చవక బియ్యం చేతికొచ్చాక మక్కలకు పోటీపడి ధర పెట్టే అవసరం ఫ్యాక్టరీలకు తగ్గింది. నవంబరు నాటికి కర్ణాటకలో గదగ్, హావేరి రైతులు రోడ్డెక్కారు. మద్దతు ధర 2,400, మార్కెట్లో అంతకు వందల రూపాయలు తక్కువ. తెలంగాణలోనూ మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాల కోసం ఎదురుచూపులే. ఒక ఏడాది కోళ్ల రైతు ఏడ్చాడు, మరుసటి ఏడాది మక్కల రైతు. ఎగుమతుల పరిస్థితీ అంతే. 2022-23లో 30 లక్షల టన్నులకు పైగా మొక్కజొన్న అమ్ముకున్న దేశం 2024-25లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దాదాపు పది లక్షల టన్నులు తెచ్చుకుంది. మొక్కజొన్న ఇథనాల్ వల్ల రైతుకు గిట్టుబాటు అవుతుందన్న వాదనను నేను కొట్టిపారేయను. 2024లో అది నిజమే. కానీ ఆ ధరను నిలబెట్టింది మార్కెట్ కాదు, ఉత్తర్వు. ఇంకో ఉత్తర్వు దాన్ని పడగొట్టింది.

ఇథనాల్ దాటి చూస్తే మేతకు ఇదే పోటీ ప్రకాశం జిల్లాలోనూ ఉంది. పెదచెర్లోపల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. రాష్ట్రంలో అలాంటివి 500 పెట్టాలన్నది ఒప్పందం. ముడిసరుకు నేపియర్ గడ్డి, వేసేది బీడు భూముల్లో అంటున్నారు. నేపియర్ అంటే పాడి రైతు గట్టు మీద వేసుకునే పచ్చిమేతే. బీడు అని రికార్డుల్లో రాసిన నేల మీదే గొర్రెలు, మేకలు మేస్తాయి. దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్న రెండు రాష్ట్రాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. గొర్రెల కాపరికి పట్టా ఉండదు, కౌలు రాదు, గ్రామసభలో అతని మందకు లెక్క ఉండదు. మక్కలైతే మూడో వంతు దాకా పిప్పి రూపంలో మేతగా వెనక్కి వస్తాయి. గ్యాస్ ప్లాంటులోకి వెళ్లిన గడ్డి ఎరువుగా వస్తుందే తప్ప మేతగా రాదు. కరవు నేలకు ఆదాయం, ఉద్యోగాలు రావడాన్ని ఎవరూ వద్దనరు. ఏ సర్వే నంబర్లలో ఎన్ని జీవాలు మేస్తున్నాయో కౌలు ఒప్పందానికి ముందే రాసిపెట్టడం మాత్రం పెద్ద పనేం కాదు.

2025-26 ఇథనాల్ సరఫరాకు డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామంటే చమురు సంస్థలు తీసుకున్నది 1,048 కోట్లు. అందులో దాదాపు 46 శాతం మొక్కజొన్నదే, అంటే కోటీ 20 లక్షల టన్నులకు పైగా గింజ. అప్పులు చేసి కట్టిన ఫ్యాక్టరీలు సగం ఖాళీగా ఉంటే 20 శాతాన్ని 27కు, 30కి పెంచమన్న ఒత్తిడి రాక మానదు, వస్తూనే ఉంది. మరోవైపు కోళ్ల పరిశ్రమ సంఘాలు జన్యుమార్పిడి మొక్కజొన్న దిగుమతికి అనుమతి అడుగుతున్నాయి. అమెరికా తన మొక్కజొన్న, డీడీజీఎస్ కొనమని ఎప్పటి నుంచో అంటోంది. ఇథనాల్ ధర పెట్రోలియం శాఖ వ్యవహారం, బియ్యం కేటాయింపు ఆహార శాఖది, దిగుమతి సుంకం ఆర్థిక శాఖది. పశుసంవర్ధక మంత్రిత్వ శాఖ ఈ ఉత్తర్వుల్లో ఒక్కటీ ఇవ్వదు. ఏటా జూన్‌లో విత్తనాలు పడకముందే ఆ ఏడాది డిస్టిలరీలకు ఎన్ని మక్కలు, ఎంత బియ్యం అన్నది ప్రకటించి, ఆ లెక్కలో దాణా అవసరాన్ని ముందు వరుసలో రాయించడం ఆ శాఖ మొదట పట్టుబట్టాల్సిన పని. డీడీజీఎస్ బస్తా మీద అఫ్లాటాక్సిన్ పరీక్ష ఫలితాన్ని తప్పనిసరిగా అచ్చువేయించడం రెండోది.