పారేసిన పొట్లం

2002లో కాయపురుగును చంపే బీటీ పత్తి మన దేశంలోకి వచ్చింది. 450 గ్రాముల విత్తన ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవాళ్లు. అందులో మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ వేయమన్నారు. మేం వేయలేదు. ఒడ్డు మీద పారేశాం, కొందరం ఇంటికి తెచ్చి చూరులో చెక్కాం. పురుగు తినడానికి ఎవరైనా సాళ్లు వదులుతారా అనుకున్నాం. 1998లో వరంగల్ పల్లెల్లో పత్తి రైతుల చావులు చూసినవాళ్లం, జానెడు నేల కూడా పురుగుకు వదలబుద్ధి కాలేదు. కానీ ఆ భయం మొదటి రెండు మూడేళ్లదే. తర్వాతదంతా బద్ధకం.

ఆ పొట్లం దేనికని అడగనేలేదు. మామూలు పత్తి మీద బతికిన పురుగు, బీటీని తట్టుకున్న పురుగుతో జతకడితే, పుట్టే సంతతి చాలావరకు బీటీకి లొంగుతుంది. ఆ జత దొరక్కుండా చేసింది మేమే. దుకాణాయన చెప్పలేదంటాం. చెప్పినా వినేవాళ్లమా?

అసలు పొట్లం కంటే ముందే చేను చెడింది. పత్తిలో కంది సాళ్లుండేవి, పక్క చెలకలో జొన్న, పెసర. చొప్ప ఎడ్లు తినేవి, ఎడ్ల పెంట ఎండాకాలంలో చేనుకు చేరేది. కంకుల కోసం వచ్చిన పిట్టలు పత్తి పురుగునూ ఏరుకు తినేవి. ధర లేదని జొన్న మానేశాం. చొప్ప లేక ఎడ్లను అమ్మేశాం. పెంట పోయి యూరియా బస్తా వచ్చింది. గడ్డిమందుకు అడ్డమని కందీ తీసేశాం. ఏ రోజుకా రోజు అది సబబుగానే తోచింది. ఒకటి పీకితే ఇంకొకటి ఊడుతుందని ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లూ గట్టిగా అనలేదు, కూలి ఖర్చులు ఎరిగినవాళ్లు కదా. చదువుకున్న మేం నోరే ఎత్తలేదు.

ఇప్పుడు కాయ పైకి నిగనిగలాడుతుంది. పగలదీస్తే లోపల గులాబీ రంగు పురుగు గింజను తొలుస్తూ ఉంటుంది, దూది రంగు మారి ముద్దకట్టి ఉంటుంది. డిసెంబరుతో పంట ముగిస్తే ఆ పురుగుకు తిండి తెగుతుంది. నీళ్లున్న మేం ఇంకో ఏరుడు వస్తుందని మార్చి దాకా తడులిచ్చాం. పత్తికట్టెను గట్ల మీద పోగేశాం, పురుగు అందులో దాక్కుంది. మామూలు గింజల్ని మేం ఎలాగూ వేయమని తెలిసి, ఈమధ్య బీటీ గింజల్లోనే కలిపి ఇస్తున్నారు.

ఒక్కరు కట్టె తీసేస్తే సరిపోదు, పక్క చేలోంచి రెక్కల పురుగు వస్తుంది. ఊరంతా ఒక తేదీ అనుకుని చేలు ఖాళీ చేయాలి. గుడి చందాలకు కూర్చునే ఊరు దీనికి కూర్చోలేదు. కూర్చుందామని నేనూ అనలేదు.