డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మన కులం

మా యూనివర్సిటీ గేటు ఎదుట నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసుకుందామని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. నిరుటి అడ్మిషన్లప్పటి ఎస్సీ, ఎస్టీ కుల ధ్రువపత్రాలు, ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ పేజీలు పేర్లతో సహా వరసగా ఉన్నాయి. కులం ఎవరికి, ఎప్పుడు చెప్పాలో మనమే తేల్చుకునే ఆ కాస్త వెసులుబాటూ అక్కడ పోయింది.

షాపు ఆయన్ని తిట్టి లాభం లేదు. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ చేసిన ప్రభుత్వమే ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లల్ని ఆయన దగ్గరికి తోలింది. ఆయనకున్నవి రెండు పాత మెషీన్లు, ఒక జిరాక్స్. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పాత మెషీన్లు చాలావాటిపై 11 ఎక్కదు. అప్‌డేట్ వాయిదా వేస్తే ఏమవుతుందో 2017 మేలో వాన్నాక్రై చూపించింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది.

చట్టమైనా ఆదుకుంటుందా? 2019 డేటా రక్షణ బిల్లు కులం, తెగ వివరాలను సున్నిత సమాచారంగా గుర్తించింది. 2023లో చేసిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. దీనిమీద మన అధ్యాపకులు రాయాల్సింది చాలా ఉంది.

ఈలోగా విద్యార్థి సంఘాలు మే నెలలో, రద్దీ మొదలవకముందే, ఒక ఆదివారం ఆ షాపులో కూర్చోవాలి. పాత ఫైళ్లు తుడవాలి, రీసైకిల్ బిన్‌తో సహా. బ్రౌజర్‌లో మిగిలిన పాస్‌వర్డ్‌లు తీసేసి, కస్టమర్లకు గెస్ట్ మోడ్ పెట్టాలి. కౌన్సెలింగ్ పాస్‌వర్డ్ చిక్కినవాడు మన వెబ్ ఆప్షన్లు మార్చేయగలడు. జూన్ నుంచి రోజూ షట్టర్ దించేముందు ఆ ఫోల్డర్ ఖాళీ అవ్వాలి.