అద్దాన్ని తుడవకండి

అద్దం తుడవడం కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వుతారు. నవ్వండి. నవ్విన తరువాత ఒక్కసారి మీ వీథిలో వున్న బట్టల కొట్టుకో మందుల కొట్టుకో వెళ్ళి, సాయంకాలపు ఏటవాలు ఎండలో దాని అద్దం వంక చూడండి. పొద్దున్న కొట్టు కుర్రవాడు చెమటోడ్చి రుద్దిన రుద్దుడంతా గుండ్రాలు గుండ్రాలుగా, ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది. షావుకారు కుర్రవాణ్ణి కేకలేస్తాడు. మర్నాడు వాడు ఇంకా గట్టిగా రుద్దుతాడు. ముగ్గు ఇంకా చిక్కబడుతుంది.

తప్పు కుర్రవాడిది కాదు. మనకు అద్దంతో వున్న పాత పరిచయానిది. మా విజయనగరంలో మూడు లాంతర్లని ఒక కూడలి వుంది. ఆ పేరు వినగానే నాకు లాంతరు చిమ్నీ గుర్తొస్తుంది. సందెవేళ చిమ్నీలో ఇంత బూడిద పోసి, పాత గుడ్డ లోపలికి దూర్చి తిప్పితే మసి పోయేది. మసి పొడిది, రుద్దితే వస్తుంది. ఆ అలవాటే మన చేతుల్లో మిగిలిపోయింది. కాని నిలువెత్తు కొట్టు అద్దం మీద వున్నది మసి కాదు. సముద్రం మాకు ఇరవై కిలోమీటర్ల లోపే. గాలిలో వచ్చిన ఉప్పు కంటికి కనబడని పొరగా అద్దాన్ని అంటుకుంటుంది. ఉప్పు తేమను పిలుస్తుంది, తేమ వీథిలోని ధూళిని పిలుస్తుంది. ఆ పైన మనం బోరు నీళ్ళు కొడతాం. నీళ్ళు ఆవిరైపోతాయి గాని, వాటిలో కరిగివున్న సున్నం ఎక్కడికి పోతుంది? చుక్కలు చుక్కలుగా అక్కడే కూర్చుంటుంది.

ఈ రహస్యం నాకు చెప్పినవాడు నరసన్నపేట వైపు కుర్రవాడు. ఒకప్పుడు మా కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివి మధ్యలో వదిలేశాడు. హైదరాబాదు వెళ్ళి మాధాపూరు అద్దాల మేడల మీద నాలుగేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఒక బకెట్టు, ఒక నిచ్చెన పెట్టుకొని మా ఊళ్ళో కొట్ల అద్దాలు చేస్తున్నాడు. బజారులో ఒకనాడు నన్ను ఆపి నమస్కారం పెట్టి, పక్క కొట్టులో నిన్నటి దినపత్రికతో జరుగుతున్న యుద్ధాన్ని చూపించాడు.

"ఏటి మేష్టారూ ఆ రుద్దుడు! గుడ్డ మురికిని మోసుకుపోదండి, ఊరేగిత్తాది. అద్దాన్ని తుడవకూడదు. నీటిని దింపాల."

విద్య అంతా ఆ చివరి మాటలోనే వుంది. మురికిని నీటిలోకి దింపాలి; ఆ నీరు ఆరకముందే నీటిని అద్దం మీదినుంచి దింపాలి. దానికి వాడే పనిముట్టును మనవాళ్ళు వైపర్ అంటారు. ఇంగ్లీషువాళ్ళ మాట స్క్వీజీ. మా ఊరి శుభలేఖలవాళ్ళు స్క్రీన్ ప్రింటింగులో రంగు లాగే రబ్బరు పలకకు కూడా అదే పేరు. ఓడ బల్లల మీద నీళ్ళు గెంటే పనిముట్టుకు స్క్విల్జీ అన్న పాత మాట వుండేది. 1851లో అచ్చయిన మెల్విల్ నవల మోబీ డిక్‌లో అది కనిపిస్తుంది. తెలుగు మేష్టారివి, దీనికి మంచి తెలుగు మాట కల్పించవేం అని మిత్రుడొకడు దెప్పాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లా పక్కనే బతుకుతూ ఆ సాహసం నేను చెయ్యను. పనివాడు పెట్టుకున్న పేరే పేరు.

ఆ పనిముట్టును ఇప్పటి రూపానికి తెచ్చినవాడు కూడా పనివాడే. ఎత్తోరె స్తెక్కోనె అని ఇటలీ నుంచి అమెరికా వలసపోయి, కాలిఫోర్నియాలోని ఓక్లాండులో కిటికీలు తుడుచుకు బతికినవాడు. అప్పటికి వాడుకలో వున్నది బరువైన ఉక్కు సరుకు; రెండు రబ్బరు పట్టీలు, అవి మార్చాలంటే డజను మరలు విప్పాలి. దానితో చెయ్యి నొప్పెట్టి కాబోలు, ఆయన 1936లో తేలికైన ఇత్తడి పిడితో, ఒక్కటే సన్నని రబ్బరు పట్టీతో కొత్తది తయారుచేశాడు. ఇవాళ మాధాపూరులో వేలాడే కుర్రవాడి చేతిలో వున్నది దాని మనుమడే.

ఇక మావాడి పనితనం. బకెట్టు నీళ్ళలో అంట్లు తోమే ద్రవం చెంచాడు వేస్తాడు. నురగ చూసి మురిసిపోయి ఎక్కువ వేస్తే అదే పొరకడుతుందట. బొచ్చు తొడుగు వేసిన కర్రతో అద్దమంతా తడిపి, మూలలు విడవకుండా మురికిని నాననిస్తాడు. తరువాత పై అంచు వెంట వేలెడు వెడల్పు గుడ్డతో పొడి చేస్తాడు. చట్రం సందుల్లో దాక్కున్న నీరు రబ్బరు వెంట జారి గీత పెట్టకుండా. ఆ పొడి చోట పట్టీ ఆనించి, ఇంచుమించు నలభై అయిదు డిగ్రీల వాలులో పట్టుకొని, పైనుంచి కిందికి ఒక్క ఊపున లాగుతాడు. రబ్బరు గుడ్డతో ఒత్తి తుడిచి, మళ్ళీ పైనుంచి, మొదటి దారి మీదికి రెండంగుళాలు ఎక్కేలా ఇంకో లాగు. బలం అక్కర్లేదు. అదిమితే రబ్బరు మడతపడి నీటిని వదిలేస్తుంది.

పెద్ద అద్దాలకు మాత్రం వేరే నడక. పట్టీని అద్దం మీదినుంచి తియ్యకుండా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పాములా తిప్పుకుంటూ కిందికి దిగుతాడు. పట్టీ పైకొస ఎప్పుడూ ముందు వుండాలి, కిందికొస వెనక. అప్పుడు నీరు ఇంకా లాగని భాగం మీదికి జారుతుందే గాని, ఆరిన చోటికి రాదు. మలుపు దగ్గర మణికట్టు తిరగడం చూడాలి. వీణ మీద గమకం పట్టే చెయ్యి గుర్తొచ్చింది. సంగీత కళాశాల వున్న ఊరివాణ్ణి, క్షమించండి.

చివరకు అంచులు మాత్రం గుడ్డతో ఒత్తుతాడు. ఆ గుడ్డ పాతదై, నూలుదై, దూది రాల్చనిదై వుండాలి. వాళ్ళ నాన్న కట్టి విడిచిన పొందూరు ఖద్దరు పంచె ముక్కలు నా ఎదుటే సంచిలోంచి తీశాడు. వాలుగ చేప దవడతో దూది ఏకి తీసిన నూలు! దానికి ఇటువంటి ముసలితనం కూడా గౌరవమేనని నాకు తోచింది.

ఎండ పడే అద్దం జోలికి పోడు. సబ్బునీరు లాగేలోపలే ఆరిపోతుంది. రబ్బరు అంచు వెంట్రుకంత తెగినా, తెగిన చోటు పొడుగునా నీటి గీత మిగులుతుంది కనుక, ఆ పట్టీని కంటికి రెప్పలా చూసుకుంటాడు. ఒక అంచు అరిగితే తిప్పి రెండో అంచు వాడతాడు. రంగు మరకలు, సిమెంటు చుక్కలు గీకే బ్లేడు మాత్రం ఆఖరి అస్త్రం. తడి అద్దం మీదే, ముందుకే తొయ్యాలి. వెనక్కి లాగితే బ్లేడు కింద చిక్కిన ఇసుకరేణువు గీత పెడుతుంది. ఆ గీత జన్మకి పోదు.

ఇంత పని తెలిసినవాడివి హైదరాబాదు వదిలి ఎందుకొచ్చావయ్యా అంటే కాసేపు మాట్లాడలేదు. మేడ మీదినుంచి దిగే మనిషికి రెండు తాళ్ళుండాలి. ఒకటి దిగడానికి, రెండోది ప్రాణానికి. రెండూ వేరువేరు చోట్ల కట్టాలి. పిట్టగోడ అంచు కోసెయ్యకుండా తాడు కింద మెత్త వెయ్యాలి. బకెట్టును, వైపరును కూడా నడుముకు కట్టుకోవాలి. పదో అంతస్తునుంచి జారిన పిడి కింద నడిచేవాడికి పిడుగే. వీడు పనిచేసిన చోట ఒకరోజు రెండో తాడు లేదన్నారు. దిగనన్నాడు. మర్నాడు రావద్దన్నారు.

మంచి ఊయలకూ తాడే ఆధారం. 2007 డిసెంబరులో న్యూయార్కులో కిటికీలు తుడిచే అన్నదమ్ములిద్దరు, ఈక్వెడార్ నుంచి వలసవెళ్ళినవాళ్ళు, నలభై ఏడో అంతస్తు దగ్గర వేలాడే వేదిక తాళ్ళు వదిలి కిందపడ్డారు. తమ్ముడు పోయాడు. అన్న బతకడాన్ని డాక్టర్లే అద్భుతమన్నారు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమాను కొసన పూజారి కూర్చుని గాలిలోకి లేచినప్పుడు ఊరంతా ఊపిరి బిగబట్టి చేతులు జోడిస్తుంది. అద్దాల మేడ మీద వేలాడేవాణ్ణి తలెత్తి చూసేవాడుండడు. లోపల చల్లగా కూర్చున్నవాడు అద్దంలోంచి చూసినా మేఘాన్ని చూస్తాడు.

ఇప్పుడు మా బజారులో ఒక తగాదా నడుస్తోంది. మూడంతస్తుల బట్టల కొట్టు షావుకారు, సిరిమాను పండుగ లోపల పై అంతస్తు అద్దం కూడా చెయ్యమన్నాడు. నిచ్చెన అందదు. మేడ మీదినుంచి ఒక తాడు వేస్తానన్నాడు.

"రెండేయండి బాబూ, చేత్తాను," అన్నాడు మావాడు.

"పది నిమిషాల పనికి రెండు తాళ్ళేమిటోయ్? అంత భయమైతే రెండోది నువ్వే తెచ్చుకో!"

రబ్బరు పట్టీ, బకెట్టు, పంచె ముక్కలు పనివాడు తెచ్చుకోవాలి. తాడు మేడ గలవాడు కొనాలి. నా తీర్పు నన్నెవరూ అడగలేదు గాని, ఆ కొట్టుకు వెళ్ళినప్పుడు చెప్పి వచ్చాను. షావుకారు నాకు కాఫీ తెప్పించాడు. తాడు ఇంకా తెప్పించలేదు.