అమ్ముకోగలిగిన ఉంగరం

నాకు నిశ్చితార్థం కుదిరిందని తెలియగానే మా పుస్తకాల గుంపులోంచి వచ్చిన మొదటి సలహా: "బంగారం వద్దురా బాబూ, ప్లాటినం తీసుకో." ఎందుకూ అంటే, పచ్చటి బంగారం చూస్తే లాంఛనాలూ కట్నాలూ గుర్తొస్తాయట. ప్లాటినం చూస్తే ఇద్దరు మనుషులు గుర్తొస్తారట. నవలల్లో అణచివేతను వాక్యం వాక్యంగా విప్పి చూపించే మిత్రులు వీళ్ళు. ఒక వ్యాపార ప్రకటన చెప్పిన మాటని ఇంత నమ్మకంగా ఒప్పజెబుతుంటే ఊరుకోవాలనిపించలేదు.

ముందు సంప్రదాయం సంగతి తేల్చేద్దాం. మన తాతల కాలం నిశ్చయ తాంబూలాల్లో ఉంగరాలు మార్చుకోవడం లేదు. తాంబూలాలు పుచ్చుకునేవాళ్ళు, లగ్నపత్రిక రాసుకునేవాళ్ళు. ఉంగరం కనబడేది పెళ్ళిలో, బిందెలో వేసి ఇద్దరిచేతా తీయించే ఆటలో. కాబట్టి సంప్రదాయం పేరు చెప్పి నన్ను బంగారం వైపు ఎవరూ నెట్టలేరు. అయితే ఆధునికత పేరుతో ప్లాటినం వైపూ నెట్టకూడదు. ఆ లోహాన్ని నగగా ప్రచారం చెయ్యడానికి ప్లాటినం గిల్డ్ ఇంటర్నేషనల్ అని ఒక మార్కెటింగ్ సంస్థే ఉంది. 1975లో పుట్టింది, దాని వెనకున్నది దక్షిణాఫ్రికా ప్లాటినం ఉత్పత్తిదారుల డబ్బు. వాళ్ళ సరుకు వాళ్ళు అమ్ముకుంటున్నారు, అందులో తప్పేం లేదు. దాన్ని మన అభిరుచి అనుకోవడం దగ్గరే నా గొడవ.

బంగారానికి నెత్తుటి చరిత్ర ఉందంటారు. ఉంది. ప్లాటినానికీ ఉంది. 2012 ఆగస్టు 16న దక్షిణాఫ్రికాలోని మారికానాలో, జీతాలు పెంచమని సమ్మె చేస్తున్న ప్లాటినం గని కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపి 34 మందిని చంపేశారు. రెండు లోహాల్లో ఏదీ కడిగిన ముత్యం కాదు. ఈ పోటీ ఇక్కడితో ఆపేద్దాం.

ఇంజనీరుగా ప్లాటినం గొప్పలు ఒప్పుకుంటాను. గీత పడ్డా లోహం పక్కకి ఒరుగుతుందే తప్ప పెద్దగా రాలదు. చర్మానికి దురద రావడం అరుదు. రాయిని గట్టిగా పట్టుకుంటుంది. వైట్ గోల్డ్ కన్నా చాలా నయం. వైట్ గోల్డ్‌లో మనం చూసే ఆ మెరిసే తెలుపు చాలావరకు పైన పూసిన రోడియంది, అరిగినప్పుడల్లా మళ్ళీ పూయించుకోవాలి.

కానీ బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినానికి 1768 కావాలి. మన వీధి చివరి కంసాలి కొలిమికి అది లొంగదు. సైజు మార్చాలన్నా, కరిగించి ఇంకోటి చేయించాలన్నా మళ్ళీ పెద్ద షాపు గుమ్మం తొక్కాల్సిందే. షోరూంలో సేల్స్‌మన్ ప్లాటినం జోడీ ఉంగరాలు ముందు పెట్టి "జీవితాంతం ఉంటాయి మేడమ్" అన్నాడు. నేను చేసుకోబోయే అమ్మాయి ఉంగరం వేలికి పెట్టుకుని చూస్తూ, "రేపు అమ్మాలంటే ఎంతొస్తుందండీ?" అని అడిగింది. అతను ఇబ్బందిగా నవ్వాడు. "ఎంగేజ్‌మెంట్ రింగ్ అమ్మడమేంటి మేడమ్, అలాంటి మాటలు అనకూడదు."

నా వాదనంతా ఆ జవాబు మీదే. ఎందుకనకూడదు?

మా పిన్ని పెళ్ళయిన ఆరేళ్ళకి ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆ ఇంట్లోంచి వచ్చేసింది. పుస్తెలతాడు అమ్మి ఒక గది అద్దెకి తీసుకుంది, కుట్టుమిషన్ కొనుక్కుంది. తాడు అమ్మింది గానీ పుస్తెలు మాత్రం ఉంచుకుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు ఊళ్ళో ఏ షాపుకి వెళ్ళినా ఆ తాడుకి ఒక ధర ఉంది, ఆ ధర పొద్దున పేపర్లో ఉంది. ప్లాటినం రేటు మీ పేపర్లో ఎప్పుడైనా వెతికి చూశారా? గోల్డ్ లోన్ ఇచ్చే కౌంటర్లో ప్లాటినం ఉంగరం పెడితే ఏమంటారో కనుక్కున్నారా?

మిత్రుల దగ్గర ఇంకో బలమైన వాదన ఉంది. బంగారమూ ఆడపిల్లని అమ్మడమూ మన సాహిత్యంలో కలిసే ఉన్నాయంటారు. గురజాడ 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ' గుర్తు చేస్తారు. నిజమే. డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టారు ఆ పిల్లని. అక్కడ అమ్ముడుపోయింది మనిషి. నేనంటున్నది ఆ మనిషికే అమ్ముకునే హక్కు ఉండాలని. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. అయినా చాలా ఇళ్ళల్లో ఆ నగలు అత్తగారి బీరువాలోనే ఉంటాయి. ఆ తప్పు బీరువా తాళం ఎవరి దగ్గరుందన్న దాంట్లో ఉంది. లోహం మారిస్తే తాళం చేతులు మారదు.

కొలీగ్ ఒకడు ఇంకో లెక్క చెప్పాడు. పదేళ్ళ పైగా గ్రాము ప్లాటినం గ్రాము బంగారం కన్నా చవక కదా, మిగిలింది సిప్‌లో పెట్టమన్నాడు. బాగానే ఉంది. ఆ సిప్ ఎవరి పేరు మీద ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

ప్రేమ ఉన్నచోట వెళ్ళిపోయే దారి గురించి ఆలోచించడం అపశకునం అని ప్రకటనలు నేర్పాయి. దారి ఉండి కూడా ఆమె ఉండిపోతేనే నాకు గౌరవం. ప్లాటినం కొనుక్కున్నవాళ్ళతో నాకు పేచీ లేదు. నచ్చితే కొనుక్కోండి. దాన్ని అభ్యుదయం అని మాత్రం పిలవకండి.

మేం 22 క్యారెట్లలో రాళ్ళు లేని రెండు రింగులు తీసుకున్నాం. అంత మెత్తటి బంగారంలో రాయి నిలవదు, మాకు అక్కర్లేదు కూడా. లోపల 916 ముద్రా, ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబరూ ఉన్నాయి. ఇంటికొచ్చాక పిన్నికి చూపించాం. ఆమె డిజైను సంగతే ఎత్తలేదు. అమ్మాయి ఉంగరం అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "బిల్లు ఎవరి దగ్గరుందిరా?" అంది.

"తన దగ్గరే పిన్నీ, తన పేరు మీదే."

"సరే అయితే," అని ఉంగరం ఆ అమ్మాయి చేతిలో పెట్టేసింది.