రెండు మాటల మెసేజ్, ఆరు గూళ్లు

ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లకు స్విఫ్ట్ అంటే ప్రోగ్రామింగ్ భాష. మా చిన్నాయనకు స్విఫ్ట్ అంటే ఇంకా రెండేళ్లు ఈఎంఐ కట్టాల్సిన కారు. 2014లో ఆపిల్ ఆ భాషను తెచ్చినప్పుడు లోగోగా పెట్టింది మాత్రం ఒక పక్షిని. ఆ లోగోను ఏళ్ల తరబడి రోజూ చూస్తూనే ఉన్నా. ఆ జాతి పక్షి కర్నూలులో మా ఇంటి పోర్టికోలోనే కాపురం ఉందని నిరుడు ఏప్రిల్‌లో తెలిసింది. తెలిసే సరికి దాని గూడు నేల మీద పడి ఉంది.

జరిగింది ఇది. చెల్లి నిశ్చితార్థానికని ఇంటికి పెయింట్ వేయించాలనుకున్నాం. నేను బెంగళూరులో ఉంటా కాబట్టి అన్నీ ఫోన్లోనే. ఒక పొద్దున పెయింటర్ అన్న వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. “సార్, పోర్టికో మూలన పిట్టగూళ్లు ఉన్నాయి. ఏం చేద్దాం?” అప్పుడు నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. ఫొటో పెద్దది చేసి కూడా చూడలేదు. “క్లీన్ చేసెయ్” అని కొట్టి, పక్కన ఒక థమ్సప్ పెట్టి, మీటింగ్‌లో పడిపోయా.

శనివారం ఇంటికి పోతే గేటు పక్కన ఒక చెత్త కుప్ప. ఈకలు, గడ్డి పరకలు, ఎండిన జిగురు. మొత్తం ఆరు గూళ్లట. మూడు పిల్లలు కింద పడగానే చచ్చిపోయాయి. నాలుగోదాన్ని మా జేజి పాత చీరముక్క పరిచి చేటలో పెట్టుకుంది. ఆదివారం పొద్దునకు అదీ లేదు. జేజి నన్ను ఒక్క మాట అనలేదు. “పెయింట్ బాగొచ్చింది లేరా” అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు కష్టం సాయంత్రం మొదలైంది. పెద్ద పక్షులు కీచుమంటూ గుంపుగా వచ్చాయి. గూడు ఉన్న మూలకే సూటిగా దూసుకొచ్చి, కొత్త పెయింట్ గోడను గోళ్లతో పట్టుకోబోయి, జారి, తిరిగి ఆకాశంలోకి పోయాయి. మళ్లీ వచ్చాయి. చీకటి పడేదాకా అదే పని. నేను లోపలికి పోయి టీవీ పెట్టుకున్నా.

ఆ రాత్రి ఫోన్లో వెతకడం మొదలుపెట్టా. జేజి వాటిని వానపిట్టలంటుంది. పుస్తకాల్లో పేరు లిటిల్ స్విఫ్ట్. ఒళ్లంతా నలుపు, గొంతు దగ్గర, నడుము మీద తెల్ల మచ్చ, కొడవలి లాంటి రెక్కలు. జానెడు కూడా ఉండదు. బరువు పాతిక గ్రాముల లెక్క. మనం వీటిని కరెంటు తీగల మీద కూర్చునే పిట్టలతో కలిపేస్తాం గానీ, స్విఫ్ట్ తీగ మీద కూర్చోలేదు. దాని నాలుగు వేళ్లూ ముందుకే ఉంటాయి. గరుకు గోడను పట్టుకుని వేలాడటం తప్ప దానికి ఇంకో విద్య రాదు. తిండి, నీళ్లు, గూటికి కావాల్సిన ఈకలు, పరకలు, అన్నీ ఎగురుతూనే పట్టుకుంటుంది. యూరప్‌లో ఉండే దీని చుట్టమైతే ఏడాదిలో పది నెలలు నేలకు దిగకుండా గాలిలోనే బతుకుతుందని స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు.

అంటే ఈ పక్షి నేల మీదికి వచ్చేది దాదాపు ఒక్క పనికే, గూటికి. ఆ ఒక్క పనికి మన గోడ అడుగుతుంది. కొండ చరియలు, పాత కోటలు, గుళ్లు, మసీదు కమాన్లు, వంతెన అడుగులు, ఇళ్ల పోర్టికోలు దాని అడ్రస్‌లు. గాల్లో ఏరుకున్న ఈకనూ పరకనూ నోటి జిగురుతో అతికిస్తూ కడుతుంది కాబట్టి గూడు తొందరగా పూర్తికాదు. కట్టాక ఏళ్ల తరబడి వాడుకుంటుంది. పిల్లలు లేని కాలంలో కూడా రాత్రి పడక అక్కడే. నేను క్లీన్ చేయించింది చెత్తను కాదు, ఆరు కుటుంబాల సొంతిళ్లను.

మన రాయలసీమలో పక్షుల కోసం గట్టిగా నిలబడిన చరిత్ర లేకపోలేదు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివి కోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం వచ్చింది. అరుదైన పక్షికి అడవి ఇచ్చాం, మంచిదే. కానీ రోజూ మన నెత్తిన తిరిగే పక్షికి అభయారణ్యం ఎక్కడ? దాని అడవి మన ఇల్లే. ఇంటిని మార్చితే దానికి అడవి పోయినట్టే.

ఇల్లు మారుతోంది కూడా. జమ్మలమడుగు దగ్గర మా జేజి పుట్టింట్లో నాపరాళ్ల గోడలు, పైన మట్టి మిద్దె. రాయికి రాయికి మధ్య సందు, ప్రతి సందులో ఒక పిచ్చుక. ఇప్పుడు అక్కడా నున్నటి ప్లాస్టరింగ్, పుట్టీ, గ్లాసు కిటికీలే. తాటాకుల కింద గూడు అతికించుకునే ఇంకో స్విఫ్ట్ ఉంది, తాటిచెట్టు కొట్టేస్తే దానికీ ఇల్లు లేదు.

వేరే దేశాల్లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. బ్రిటన్‌లో పాత ఇళ్ల చూర్లు మూసేయడం వల్ల స్విఫ్ట్‌లకు గూటి చోట్లు తగ్గాయి. అక్కడ స్విఫ్ట్ ఇటుకలని అమ్ముతారు. మామూలు ఇటుక లాగే గోడలో పెట్టి కట్టేస్తారు, లోపల గుల్ల, బయటికి చిన్న కంత. కొత్త ఇళ్లన్నింటికీ వాటిని తప్పనిసరి చేయాలని లక్ష మందికి పైగా సంతకాలు పెడితే 2023లో అక్కడి పార్లమెంటులో చర్చకు వచ్చింది.

ఇది చదివి నాకు ఊపు వచ్చేసింది. వడ్రంగి దగ్గర నాలుగు ప్లైవుడ్ డబ్బాలు చేయించా. ఇంజనీర్లకుండే జబ్బే ఇది, ఎవరో రాసిన కోడ్ కాపీ చేసి మన దగ్గర రన్ అవుతుందనుకోవడం. రెండు బగ్‌లు బయటపడ్డాయి. ఒకటి, కంతలో దూరేది వాళ్ల స్విఫ్ట్. మనది ఎక్కువగా స్లాబుకూ గోడకూ మధ్య మూలలో, గుంపుగా, పక్కపక్కనే గూళ్లు అతికిస్తుంది. రెండు, ఎండ. 2022 జూన్‌లో స్పెయిన్‌లో సెవిల్, కార్డోబా ఊర్లలో వడగాడ్పులకు గూళ్లు పొయ్యిల్లా కాగిపోయి వందల స్విఫ్ట్ పిల్లలు రెక్కలు రాకముందే బయటికి దూకేశాయి. చాలా చచ్చిపోయాయి. మే నెలలో 43, 44 డిగ్రీలు చూసే కర్నూలులో పడమటి గోడకు పల్చటి డబ్బా కొడితే పిల్లల్ని పెనం మీద పెట్టినట్టే.

కాబట్టి డిజైన్ మార్చా. డబ్బాల్లో రెండింటిని ఉత్తరం వైపు, నీడలో, ఎత్తులో బిగించా. పోర్టికో మూలలో మాత్రం మేస్త్రీని పిలిచి రెండడుగుల మేర పెయింట్ గీకించి గరుకు సిమెంటు పూయించా. “అందరూ నున్నగా చేయమంటారు, మీరేంది సార్ చెడగొట్టమంటారు” అని ఆయన నవ్వాడు. మా నాయన నవ్వలేదు. “ఇప్పుడే కదరా పెయింట్ వేయించింది, మళ్లీ రెట్టలు పడవా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. గూళ్ల కింద ఒక అడుగు దిగువన చెక్క పలక బిగించాం. రెట్టలు దాని మీద పడతాయి. నెలకోసారి తుడవడం నా డ్యూటీ, నేను లేనప్పుడు చెల్లి డ్యూటీ.

ఫలితం అడుగుతారు కదా. డబ్బాల్లో ఒకదాంట్లో పిచ్చుకలు చేరాయి, రెండోది ఖాళీ. పోర్టికోలో పెయింటర్ కర్ర అందని ఒక మూలన సగం గూడు మిగిలి ఉంది, మేం చూసుకోలేదు. ఈ ఫిబ్రవరిలో ఒక జంట దాన్ని పూర్తి చేసింది. గరుకు సిమెంటు మీద దాని పక్కనే ఇంకొకటి మొదలైంది. ఆరు పోయి ఒకటిన్నర. దీన్ని సక్సెస్ అని చెప్పుకోను. కానీ పాత గూడు ఒక్కటి ఉన్నా ఎంత విలువో అర్థమైంది. మనం కొత్తగా కట్టిచ్చే ఇంటి కంటే అవి కట్టుకున్నది కూల్చకపోవడమే పెద్ద సాయం.

మీ ఇంట్లో కూడా పెయింట్ పని ఉంటే ముందు తల ఎత్తి చూడండి. ఇవి పిల్లల్ని పెట్టేది సుమారు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా. గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల ఎగరడానికి రెండు నెలల లెక్క వేసుకోండి. పనిని చలికాలానికి జరపండి, గూళ్లున్న మూలను వదిలేయండి. పిల్ల కింద పడితే గాల్లోకి విసరొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు, అన్నం, పాలు పెట్టొద్దు. గూడు అందితే తిరిగి పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదనేది ఉత్త మాట. అందకపోతే గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి పెట్టి, అటవీ శాఖ వాళ్లకో పక్షుల్ని కాపాడేవాళ్లకో ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి చట్టం ‘వేట’కు ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గూళ్లను చెదరగొట్టడం కూడా ఉంది. నిరుడు నాకది తెలియదు.

దీనివల్ల మనకేం లాభం అంటారా? తొలకరికి ఉసిళ్లు లేచినప్పుడు మిద్దె ఎక్కి చూడండి. దోమలు, ఈగలు, రెక్కల చీమలు, ఉసిళ్లు, అన్నీ వీటి మెనూనే. ఇంకో లాభం కూడా ఉంది. సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గరికో, గండికోటకో పోయినప్పుడు సెల్ఫీ అయ్యాక ఒక్క నిమిషం పైకి చూడండి. పాత రాతికట్టడాలంటే ఇవి ఇష్టపడే చోట్లు. కనబడితే మీకే తెలుస్తుంది ఏం లాభమో.

పోయిన వారం పెయింటర్ అన్న నుంచి మళ్లీ ఒక ఫొటో వచ్చింది. వేరే వీధి, వేరే వాళ్ల ఇల్లు. “సార్, ఇక్కడ కూడా అవే పిట్టలు. ఓనర్ తీసేయమంటున్నాడు. ఏం చెప్పాలె?”

ఈసారి కూడా మీటింగ్‌లోనే ఉన్నా. మ్యూట్‌లో పెట్టి బయటికొచ్చి, ఆయనకు ఫోన్ కలిపా. “అన్నా, ఫోన్ ఓనర్‌కు ఇయ్యి” అన్నా.